పరీక్ష తప్పినవారి దారులు

తెలుగులో పరీక్షను గురించి వాడే మాటలు చాలావరకు దారికీ నీటికీ సంబంధించినవి. నెగ్గినవాణ్ణి లోకం గట్టెక్కాడంటుంది, నెగ్గనివాణ్ణి పరీక్ష తప్పాడంటుంది; దారి తప్పడంలోనూ పరీక్ష తప్పడంలోనూ ఉన్న క్రియ ఒక్కటే. పుస్తక భాషలో వాడే 'ఉత్తీర్ణత' అనే సంస్కృత పదానికి కూడా మూలార్థం నీటిని దాటి ఆవలి ఒడ్డుకు చేరడమే. ఏటికి ఒకే రేవు ఉందనీ, ఆ రేవులో పడవ అందనివారు ఇవతలి గట్టునే మిగిలిపోతారనీ ఒక ఊహ ఈ మాటల వెనక దాగి ఉంది. మెట్రిక్యులేషన్, ఎస్.ఎస్.ఎల్.సి., పదో తరగతి అంటూ పేర్లు మార్చుకుంటూ నూట అరవై ఏళ్ళకు పైగా తెలుగునాట సాగుతున్న ఉన్నత పాఠశాల చివరి పరీక్షను సమాజం ఈ ఊహతోనే చూస్తూ వచ్చింది. నెగ్గినవారి కథ కళాశాలల చరిత్రలోనూ ప్రభుత్వోద్యోగుల చరిత్రలోనూ కలిసిపోగా, తప్పినవారూ, బొటాబొటి మార్కులతో బయటపడి కోరుకున్న చదువుకు నోచుకోనివారూ ఆ తరువాత ఏ దారి పట్టారు, ఆ దారులను ఎవరు, ఎందుకు వేశారు అన్న కథ మాత్రం చెల్లాచెదురుగా ఉండిపోయింది. దానిని ఒకచోట చేర్చి చూస్తే, రేవు ఎన్నడూ ఒక్కటి కాదనీ, అయితే ప్రతి కొత్త రేవు విలువా అక్కడ పడవ ఎక్కినవారు తిరిగి పెద్ద దారిలో కలవగలిగారా లేదా అన్నదాని మీదనే ఆధారపడిందనీ స్పష్టమవుతుంది.

ఒక పరీక్షకు రెండు పనులు

1854 నాటి వుడ్ విద్యాపత్రం సిఫారసుల ఫలితంగా 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. కోస్తా, రాయలసీమ జిల్లాల తెలుగువారు మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చారు. ఆ విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టడానికి నిర్వహించిన పరీక్షకు మెట్రిక్యులేషన్ అని పేరు. లాటిన్ మూలం గల ఈ పదానికి అర్థం పట్టికలో పేరు నమోదు కావడం. అంటే కళాశాలలో చేరి ఇంగ్లీషులో ఉపన్యాసాలు విని అర్థం చేసుకోగలవారు ఎవరో తేల్చడమే ఈ పరీక్షకు అప్పగించిన పని. పాఠశాల చదువు ముగించిన ప్రతి పిల్లవాడి యోగ్యతనూ కొలవడం కోసం దానిని రూపొందించలేదు.

అయితే విశ్వవిద్యాలయాలు పుట్టకముందే, 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ చేసిన తీర్మానం ప్రభుత్వోద్యోగాలలో ఇంగ్లీషు చదివినవారికి ప్రాధాన్యం ఇచ్చింది. ఇంగ్లీషు చదివినట్లు రుజువు కావలసి వచ్చినప్పుడు కచేరీలకు చేతికందిన కొలబద్ద మెట్రిక్యులేషనే అయింది. కళాశాల గడప దగ్గర నిలబెట్టిన పరీక్ష ఈ విధంగా కచేరీ గడప దగ్గర కూడా నిలబడింది. కళాశాలకు వెళ్ళే ఉద్దేశమే లేక, ఇరవై రూపాయల గుమాస్తా పనితో కుటుంబాన్ని పోషించుకోవాలనుకున్న పిల్లవాడు కూడా విశ్వవిద్యాలయ ప్రవేశానికి ఉద్దేశించిన పరీక్షలోనే నెగ్గవలసి వచ్చింది. ఈ పరీక్ష తరువాతి చరిత్రలోని చిక్కులకు చాలావరకు మూలం ఈ రెండు పనుల కలయికలోనే ఉంది.

పరీక్ష నిబంధన మరో చిక్కును తెచ్చిపెట్టింది. ప్రతి సబ్జెక్టులోనూ కనీసపు మార్కులు రావాలి; ఒక్కదానిలో రాకపోయినా పరీక్ష మొత్తం పోయినట్లే. ఇంటి భాష తెలుగై, చదువు భాష ఇంగ్లీషైన పిల్లలకు ఈ నిబంధన ఎంత కఠినమో వేరే చెప్పనక్కరలేదు. దాని పనితీరుకు అందరికీ తెలిసిన ఉదాహరణ శ్రీనివాస రామానుజన్. ఆయన మెట్రిక్యులేషన్ నెగ్గి 1904లో కుంభకోణం కళాశాలలో చేరినా, గణితం తప్ప మరి దేనిమీదా మనసు నిలపలేక విద్యార్థి వేతనం పోగొట్టుకొని, తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చదివి కూడా ఎఫ్.ఏ., అంటే నేటి ఇంటర్మీడియట్‌కు సమానమైన ఫస్ట్ ఆర్ట్స్ పరీక్ష, తప్పారు. డిగ్రీ లేని ఆ యువకుడికి కొంతకాలం నెలకు 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నది అప్పటి నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా చేరిన రామానుజన్ రెండేళ్ళకు కేంబ్రిడ్జి చేరుకున్నారు. అసామాన్యుడి కథ సామాన్యులకు దారి చూపదు. కలెక్టర్ దృష్టిలో పడని వేలాదిమందికి అదే నిబంధన తలుపు మూసింది, వారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. ఈ కథ చెప్పే సత్యం అంతకంటే చిన్నది: ఒక సబ్జెక్టులో లోటు మొత్తం మనిషిలోని లోటుగా నమోదయ్యే ఏర్పాటు అప్పటికే స్థిరపడింది.

ఆ కాలపు తెలుగు సాహిత్యం కూడా ఈ మార్పును గమనించింది. 1892లో విజయనగరంలో ప్రదర్శితమైన గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'లో వెంకటేశం పరీక్ష తప్పి, ఇంటికి వెళ్ళి తండ్రికి ఎలా చెప్పుకోవాలో తెలియక బెంగపడతాడు. అతడి గురువు గిరీశం వాళ్ళ అగ్రహారంలో అడుగు పెట్టడానికి ఆ బెంగ కూడా ఒక అవకాశమవుతుంది. ఇంగ్లీషు చదువు అగ్రహారాలలోకి వచ్చిన కొద్దికాలానికే పరీక్ష ఫలితం ఇంటి పరువుకు సంబంధించిన విషయమైపోయిందనడానికి ఆ సన్నివేశమే సాక్ష్యం.

'ఫెయిల్' అనే మాటను తీసేయాలనుకున్న కాలం

పరీక్ష తప్పినవారికి, లేదా కళాశాల అక్కరలేనివారికి, వేరే దారి ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. 1882లో ఏర్పడిన హంటర్ కమిషన్ ఉన్నత పాఠశాల పై తరగతులను రెండు పాయలుగా చీల్చాలని సూచించింది: ఒకటి విశ్వవిద్యాలయ ప్రవేశానికి, మరొకటి వాణిజ్యానికీ ఇతర వృత్తులకూ. రెండో పాయకు విద్యార్థులు పెద్దగా రాలేదు. ఉద్యోగం ఇచ్చే కచేరీ మొదటి పాయ పరీక్షనే గుర్తిస్తున్నప్పుడు, తండ్రులు తమ పిల్లలను రెండో దానికి పంపకపోవడం వారి మూర్ఖత్వం కాదు, లెక్క తెలిసిన పని. గుర్తింపు లేని దారి దారి కాదన్న పాఠం అప్పుడే మొదటిసారి రుజువైంది.

దానికంటే సాహసవంతమైన ప్రయత్నం 1911 నాటికి మద్రాసు రాష్ట్రంలో అమలులోకి వచ్చిన సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్, అంటే ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి. ఉన్నత పాఠశాల తరగతులను అప్పట్లో ఫారాలు అనేవారు. అయిదేళ్ళ ప్రాథమిక విద్య తరువాత మొదటి ఫారం నుంచి ఆరో ఫారం వరకు చదివి ఈ పరీక్షకు కూర్చునేవారు. పాఠశాలలో సాధించిన ప్రగతినీ, బహిరంగ పరీక్షలో వచ్చిన మార్కులనూ ఒక చిన్న పుస్తకంలో నమోదు చేసి విద్యార్థి చేతికి ఇవ్వడం ఈ పద్ధతి సారం. 'పాస్', 'ఫెయిల్' అని తీర్పు చెప్పకుండా, ఉన్నది ఉన్నట్లు రాసి ఇస్తే, కళాశాలవారు తమకు కావలసినదీ ఉద్యోగమిచ్చేవారు తమకు కావలసినదీ ఆ పుస్తకంలో చూసుకుంటారని దానిని రూపొందించినవారి ఆశ.

ఆ ఆశ నెరవేరలేదు. కళాశాలలో చేరడానికి తగినన్ని మార్కులు వచ్చినవారిని 'ఎలిజిబుల్' అనీ, కోర్సు ముగించినా ఆ స్థాయికి చేరనివారిని 'కంప్లీటెడ్' అనీ వ్యవహరించడం మొదలైంది. మద్రాసు రాష్ట్ర ఉద్యోగ నిబంధనలు కూడా కళాశాల చదువుకు అర్హత పొందడాన్నే కనీస సాధారణ విద్యార్హతగా నిర్వచించాయి. దానితో సంబంధాల మాటల్లోనూ, ఉద్యోగ దరఖాస్తుల్లోనూ, ఊళ్ళో అరుగుల మీదా 'కంప్లీటెడ్' అనే గౌరవప్రదమైన మాటకు 'తప్పాడు' అన్న అర్థమే స్థిరపడింది. కాగితం మీద నుంచి తొలగించిన తీర్పును సమాజం తిరిగి తెచ్చుకుందన్నమాట. నూరేళ్ళ తరువాత 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలలో మార్కుల స్థానంలో గ్రేడ్లు వచ్చినప్పుడు కూడా పదికి పది పాయింట్లు వచ్చినవారి ఫొటోలతో పాఠశాలలు గోడలు నింపినందువల్ల, కొలత పేరు మారినంత మాత్రాన కొలిచే అలవాటు మారదని మరోసారి తేలింది.

కాశీ దారి, ఆంధ్రా దారి

పాఠశాలలో వరుసగా చదవని, చదవలేని, లేదా చదివి తప్పినవారికి ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో పెద్ద ఊరట ప్రైవేటు మెట్రిక్యులేషన్. ప్రైవేటు అంటే ఇక్కడ ఇంటి దగ్గరో, అయ్యవారి దగ్గరో చదువుకొని నేరుగా పరీక్షకు కూర్చునే పద్ధతి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించిన మెట్రిక్‌ను 'ఆంధ్రా మెట్రిక్' అనీ, 1916లో ఏర్పడిన బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నిర్వహించిన దానిని 'బెనారస్ మెట్రిక్' అనీ పిలిచేవారు. మూడు తరాల క్రితపు తెలుగువారి స్వీయచరిత్రలు చదివేవారికి ఈ రెండు పేర్లు తరచు ఎదురవుతాయి.

ఈ దారిని నలుగురు నడిచే బాటగా మార్చినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మొదట చెప్పుకోవాలి. 1909లో రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదేళ్ళకే పెళ్ళయి, ఊహ వచ్చాక ఆ పెళ్ళిని కాదనుకొని, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి వచ్చిన ఆమెకు మామూలు పాఠశాల దారి ఎప్పుడో మూసుకుపోయింది. పెద్దయిన తరువాత బెనారస్ మెట్రిక్ నెగ్గి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పై చదువులు చదివి, మద్రాసులో న్యాయవాద పట్టా పొంది, రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. ఆమె గొప్పతనం తాను దాటడంతో ఆగలేదు. 1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను బెనారస్ మెట్రిక్‌కు తయారు చేయడాన్ని తన ముఖ్యమైన పనులలో ఒకటిగా పెట్టుకుంది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలైన తరువాత ఆ అనుభవమే 1958లో దేశమంతటా 'కండెన్స్‌డ్ కోర్సులు'గా, అంటే ఏళ్ళ తరబడి సాగే పాఠశాల చదువును వయోజన స్త్రీలకు తక్కువ కాలంలో కుదించి చెప్పే శిక్షణగా, రూపం తీసుకుంది. వితంతువులూ, భర్త వదిలేసినవారూ ఆ కోర్సులు చదివి టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా నిలబడటానికి వీలు కలిగింది. వయసు దాటిందన్న కారణంతో ఒక మనిషికి తలుపు మూయకూడదన్న సూత్రాన్ని తెలుగునాట ఆచరణలో చూపిన తొలి ప్రయత్నాలలో ఇది ముఖ్యమైనది.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో ఉన్నత విద్య బోధించిన గొప్ప ప్రయోగమే అయినా, ఆ దేశభాష ఉర్దూ కావడంవల్ల తెలుగు ఇళ్ళ పిల్లలకు అది కూడా పరాయి భాషలో రాసే పరీక్షే అయింది. 1943లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తెలుగులో పరీక్షలు నిర్వహించి పట్టాలు ఇవ్వడం భాషాసేవ మాత్రమే కాదు. బడిలో భాష అడ్డువచ్చిన పిల్లలకు తమ భాషలో తమ చదువును రుజువు చేసుకునే అవకాశం కూడా.

పండితులూ ప్రచారకులూ

భాష ఆధారంగా ఏర్పడిన దారులలో మరి రెండింటిని చెప్పుకోవాలి. ఇంగ్లీషు, లెక్కలు దాటలేనివారికీ, అసలు ఇంగ్లీషు బడికి వెళ్ళనివారికీ ప్రాచ్య కళాశాలలు ఆశ్రయమిచ్చాయి. విజయనగరంలో మహారాజా సంస్కృత కళాశాల, కొవ్వూరులో ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం, కృష్ణా జిల్లా చిట్టిగూడూరులోని సంస్కృత కళాశాల వంటివి విద్వాన్, భాషాప్రవీణ పరీక్షలకు విద్యార్థులను తయారు చేసేవి. ఎస్.ఎస్.ఎల్.సి. లేకపోయినా, ప్రవేశ పరీక్ష నెగ్గి అయిదారేళ్ళు కావ్య, వ్యాకరణ, అలంకార శాస్త్రాలు చదివినవారు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితులయ్యేవారు. రెండోది 1918లో గాంధీజీ ప్రేరణతో మద్రాసులో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ. ప్రాథమికతో మొదలై విశారద, ప్రవీణ వరకు ఒక్కొక్క మెట్టూ ఎక్కే దాని పరీక్షలకు ముందస్తు అర్హత అడ్డు రాలేదు. సాయంత్రం వేళ ఒక ఇంటి వరండాలో చాప పరిచి హిందీ చెప్పే ప్రచారకుల దగ్గర చదువుకొని హిందీ పండితులైనవారు కోస్తా పట్టణాలన్నిటిలోనూ కనిపించేవారు.

ఈ దారులు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టాయి, తెలుగు బడికి మంచి ఉపాధ్యాయులనిచ్చాయి. కానీ పండితుడికి అదే బడిలో లెక్కలు చెప్పే బి.ఏ., బి.ఎడ్. ఉపాధ్యాయుడితో సమానమైన జీతమూ, ప్రధానోపాధ్యాయుడయ్యే అవకాశమూ చాలాకాలం అందలేదు. పండితుల సంఘాలు ఏళ్ళ తరబడి చేసిన పోరాటాల సారం ఇదే. తెలుగు చెప్పేవారి విద్వత్తును ఎవరూ శంకించలేదు. వారు వచ్చిన దారి పెద్ద దారిలో కలవకపోవడమే వారికి అడ్డయింది.

ఆకురాయి, టైపు మిషను

స్వాతంత్ర్యం తరువాత పరీక్ష తప్పిన, లేదా థర్డ్ క్లాసులో నెగ్గిన మగపిల్లవాడి ముందు రెండు దారులు నిలిచాయి. మొదటిది టైపు మిషను. ఏ చిన్న పట్టణంలోనైనా బస్టాండుకు దగ్గరగా ఒక మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పది, పన్నెండు రెమింగ్టన్ మిషన్లు వరుసగా బల్లల మీద ఉంటే, పిల్లలు గంటకొక జట్టుగా వచ్చి ఎడమ చేతికి 'ఎ ఎస్ డి ఎఫ్', కుడి చేతికి 'సెమికోలన్ ఎల్ కె జె' అంటూ మొదటి పాఠాన్ని వారాల తరబడి కొట్టేవారు. వరుస చివరికి వస్తున్నప్పుడు గంట మోగడం, ఎడమ చేత్తో క్యారేజిని వెనక్కి నెట్టడం, కార్బన్ కాగితం మీద పడిన తప్పు అక్షరాన్ని సరిదిద్దలేక పేజీ మొత్తం మళ్ళీ కొట్టడం ఆ శిక్షణలో భాగాలు. ప్రభుత్వ సాంకేతిక పరీక్షలలో ఇంగ్లీషు లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45 మాటల వేగం కావాలి. టైపుతోపాటు షార్ట్‌హ్యాండ్, అంటే చెప్పిన మాటలను గుర్తులతో వేగంగా రాసుకునే సంక్షిప్తలిపి, నేర్చినవారికి కోర్టుల్లో, కచేరీల్లో పని దొరికేది. తరగతి గదిలో వెనుకబడిన ఆడపిల్లలకు కూడా ఇల్లు దాటి సాయంత్రం వెళ్ళడానికి పెద్దలు ఒప్పుకున్న మొదటి శిక్షణలలో ఇది ఒకటి. కంప్యూటర్ వచ్చిన తరువాత ఆ గదులు మూతపడ్డాయి గానీ, వేళ్ళు నేర్చిన అక్షరాల వరుస కంప్యూటర్ కీబోర్డు మీద మారలేదు. టైపు నేర్చినవారు డేటా ఎంట్రీ పనిలోకి తేలికగా మారగలిగారు.

రెండోది పారిశ్రామిక శిక్షణ సంస్థ, అంటే ఐ.టి.ఐ. కేంద్ర కార్మిక శాఖ 1950లో ప్రారంభించిన చేతిపనివారి శిక్షణ పథకం కింద ఇవి ఏర్పడ్డాయి. ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి ఒక్కొక్క వృత్తిని ఇక్కడ ట్రేడ్ అంటారు; వెల్డర్ వంటి కొన్ని ట్రేడ్‌లకు ఎనిమిదో తరగతి చాలు, ఫిట్టర్ వంటి వాటికి పదో తరగతి కావాలి. ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన పిల్లవాడి మొదటి నెలలు ఆకురాయితోనే గడుస్తాయి. వైస్‌లో బిగించిన ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీసి, మూలమట్టం ఆనించి, దీపం వైపు ఎత్తి పట్టుకొని చూస్తే రెంటి మధ్య వెలుతురు గీత కనిపించకూడదు. కనిపిస్తే మళ్ళీ అరగదీయాలి. తరగతి గదిలో తప్పుకు ఎర్ర సిరా గీత పడుతుంది, ఇక్కడ తప్పు వెలుతురు గీతగా కంటికి కనిపిస్తుంది, చేత్తో సరిదిద్దుకునే వీలుంటుంది. పుస్తకం దగ్గర ఓడిన పిల్లలలో కొందరు ఇక్కడ నిలదొక్కుకోవడానికి ఈ తేడా కూడా ఒక కారణం.

1961 అప్రెంటిస్ చట్టం కర్మాగారాలలో శిక్షణార్థులను తీసుకోవడాన్ని తప్పనిసరి చేసింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్, విశాఖ నౌకానిర్మాణ కేంద్రం, రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. వంటి చోట్ల ఐ.టి.ఐ. చదివిన కార్మికులు స్థిరపడ్డారు. తరువాతి దశాబ్దాలలో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారిలో వెల్డర్లు, పైపు ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు చాలామంది. అక్కడ కూడా పదో తరగతి గీత వారిని వెంటాడింది: వలస నిబంధనల ప్రకారం పదో తరగతి నెగ్గినవారు నేరుగా విమానం ఎక్కవచ్చు, నెగ్గనివారు మాత్రం గల్ఫ్ వంటి దేశాలకు వెళ్ళే ముందు ప్రభుత్వం నుంచి వలస అనుమతి తీసుకోవాలి. చదువుకోని కార్మికులను మోసం నుంచి కాపాడటం ఆ నిబంధన ఉద్దేశం. అయినా ఊళ్ళో మరిచిపోయిన పరీక్ష పాస్‌పోర్టు మీద మళ్ళీ ప్రత్యక్షమైంది.

ఐ.టి.ఐ.కి పై మెట్టు పాలిటెక్నిక్. 1946లో కాకినాడలో ఏర్పడిన ఆంధ్ర పాలిటెక్నిక్ తెలుగునాట ఈ కోవలో పాతది. ఇక్కడ మూడేళ్ళ డిప్లొమాను ఎల్.సి.ఇ., ఎల్.ఎం.ఇ., ఎల్.ఇ.ఇ. అని పిలిచేవారు, మొదటి అక్షరం లైసెన్షియేట్, అంటే ఆ పని చేయడానికి అనుమతి పొందినవాడు అనే అర్థాన్నిచ్చేది. రోడ్లు, కాలువలు, ఆనకట్టలు కట్టిన సూపర్‌వైజర్లలో, ఓవర్సీర్లలో అధికభాగం ఈ పట్టా కలవారే. చాలాకాలం డిప్లొమా ఒక గోడ దగ్గర ఆగిపోయేది. ఇంజనీరింగ్ డిగ్రీ చదవాలంటే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చేది. ఇ-సెట్ పరీక్ష ద్వారా డిప్లొమా చదివినవారు నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరే ఏర్పాటు ఆ గోడలో తలుపు తెరిచింది, ఐ.టి.ఐ. చదివినవారు డిప్లొమా రెండో సంవత్సరంలో చేరే ఏర్పాటు కూడా వచ్చింది. ఇంటర్ గ్రూపుల పోటీలో వెనుకబడిన పిల్లవాడు ఆరేళ్ళలో, ఇంటర్ చదివిన సహపాఠి ఉన్న చోటికే మరో దారిన చేరడం దీనితో సాధ్యమైంది.

పేపర్లో నంబరు లేనప్పుడు

1969 ప్రాంతంలో పాఠశాల విద్యను పదేళ్ళకు కుదించి, పి.యు.సి., అంటే విశ్వవిద్యాలయ పూర్వ కోర్సు, స్థానంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్‌ను తేవడంతో, 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడటంతో, నేటి పదో తరగతి పరీక్ష రూపం స్థిరపడింది. సబ్జెక్టుకు 35 మార్కులు, హిందీకి 20, మొత్తం 600లో 360 వస్తే ఫస్ట్ క్లాసు అన్న లెక్క తెలుగు ఇళ్ళల్లో రెండు మూడు తరాలకు నోటికి వచ్చిన ఎక్కం. ఫలితాలు దినపత్రికలలో నంబర్లుగా అచ్చయ్యేవి. సన్నని అక్షరాలలో వరుసగా పేర్చిన అంకెల మీద వేలు జరుపుతూ పోతే, ముందు నంబరూ వెనుక నంబరూ ఉండి తమ నంబరు మాత్రం లేదని తెలిసిన క్షణం ఎంతోమంది జీవితాలలో ఒక మలుపు. అలా తప్పినవారు సెప్టెంబరులో మళ్ళీ రాసేవారు; అప్పుడు నెగ్గినా కళాశాలల్లో చేరే గడువు అప్పటికే దాటిపోయి ఒక ఏడాది పోయేది.

ఆ ఏడాదిని నింపడానికి పుట్టినవే ట్యుటోరియల్ కళాశాలలు. గుంటూరు, తెనాలి, విజయవాడ వంటి పట్టణాలలో పూరిపాకల్లో, రేకుల షెడ్లలో మొదలైన ఈ సంస్థలు తప్పిన పిల్లలను చేర్చుకొని, వేకువనే లేపి, ముఖ్యమైన ప్రశ్నలను కంఠస్థం చేయించి, మళ్ళీ పరీక్షకు పంపేవి. ఊళ్ళో తలెత్తుకోలేని పిల్లవాడికి పరాయి పట్టణంలో తనవంటివారి మధ్య మరో అవకాశం దొరకడం వాటివల్ల కలిగిన నిజమైన మేలు. కానీ గదిలో ఉంచి, గంటల లెక్కన చదివించి, ప్రతి వారం పరీక్ష పెట్టే ఆ పద్ధతే తరువాత నెగ్గినవారి ఇంటర్ చదువులోకి కూడా పాకింది. తప్పినవారికి మందుగా పుట్టినది అందరికీ రోజువారీ ఆహారమైంది. ఆ ఒత్తిడి మోయలేక ఫలితాల రోజున ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు తెలుగు పత్రికలలో దాదాపు ఏటా కనిపించడం ఈ చరిత్రలో అన్నిటికంటే బాధాకరమైన అధ్యాయం. తరువాతి కాలంలో మార్చి పరీక్ష తప్పినవారికి వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష పెట్టి, అదే ఏడాది పై చదువులో చేరే వీలు కల్పించడం చూడటానికి చిన్న మార్పే. అయినా ఒక్క తప్పుకు ఒక ఏడాది శిక్ష అన్న పాత లెక్కను అది రద్దు చేసింది.

తెరిచి ఉంచిన తలుపు

తప్పినవారి కోసమని కాక అందరి కోసమని తలుపు తెరిచిన సంస్థలు 1980ల తరువాత వచ్చాయి. 1982లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో ఆ కోవలో మొదటిది; 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. తొలి ఉపాధ్యక్షుడు జి. రాంరెడ్డి తరువాత జాతీయ స్థాయిలో ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, స్థాపనకు నాయకత్వం వహించారు. పద్దెనిమిదేళ్ళు నిండి, ఇంటర్ లేకపోయినా, అర్హత పరీక్ష నెగ్గితే డిగ్రీలో చేరవచ్చునన్న దాని నిబంధన ఆర్టీసీ కండక్టర్లకూ, గృహిణులకూ, దుకాణాల్లో పనిచేసేవారికీ కొత్త ఆశ కలిగించింది. 1991లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఓపెన్ స్కూల్ సొసైటీ, పదో తరగతిని కూడా అదే పద్ధతిలోకి తెచ్చింది: ఒకేసారి అన్ని సబ్జెక్టులూ నెగ్గనక్కరలేదు, వీలైనన్ని రాసి నెగ్గినవి నిలుపుకుంటూ మిగిలినవి తరువాత పూర్తి చేసుకోవచ్చు. 1857 నాటి 'ఒకటి పోతే అన్నీ పోయినట్లే' అన్న నిబంధనకు ఇది సరిగ్గా వ్యతిరేకం.

ఇక్కడ కూడా పాత పాఠమే మళ్ళీ ఎదురైంది. ఇంటర్ చదవకుండా నేరుగా పొందిన డిగ్రీని అన్ని చోట్లా అంగీకరించలేదు. ఉదాహరణకు, న్యాయవాద విద్యకు సంబంధించి 2008లో బార్ కౌన్సిల్ చేసిన నిబంధనలు అటువంటి పట్టాతో లా కోర్సులో చేరడానికి వీలివ్వలేదు. తలుపు తెరిచినవారు ఒకరు, ఆవలి గది తాళం చేతిలో ఉన్నవారు మరొకరు అయినప్పుడు జరిగేది ఇదే.

హంటర్ రెండో పాయ నుంచి సార్వత్రిక డిగ్రీ వరకు సాగిన ఈ చరిత్ర, ఫలితాల తరువాత దారి వెతుక్కునే కుటుంబానికి కొన్ని సూటి ప్రశ్నలను అందిస్తుంది: ఈ చదువు ముగిసిన తరువాత పని దొరుకుతుందా, దొరికిన పని మానకుండానే పై మెట్టు ఎక్కడానికి వీలుందా, మధ్యలో మనసు మారితే పెద్ద దారిలో తిరిగి కలిసే కూడలి ఎక్కడ ఉంది, ఆ కూడలిని అవతలివారు గుర్తిస్తున్నారా. ఈ ప్రశ్నలకు జవాబు ఉన్న ఐ.టి.ఐ. సీటు, జవాబు లేని పేరున్న కళాశాల సీటు కంటే మంచి ఎంపిక. ప్రభుత్వాలకు కూడా ఇదే చరిత్ర చెప్పే మాట ఒకటి ఉంది: కొత్త దారి వేయడం సగం పని, దానిని పాత దారితో కలపడం మిగిలిన సగం, మొదటి సగంతో ఆగిన ప్రతిసారీ తప్పినవారు మరోసారి తప్పవలసి వచ్చింది.

ఉత్తీర్ణత అనే పదంలో దాటడం ఉంది గానీ, ఏ ఏట దాటారన్న లెక్క లేదు, ఏ రేవున దాటారన్న నిబంధనా లేదు. బెనారస్ మెట్రిక్ రాసిన వయోజన స్త్రీ, సాయంత్రం చాప మీద హిందీ నేర్చిన యువకుడు, ఇనుప ముక్కను దీపం వైపు ఎత్తి వెలుతురు గీతను వెతికిన పిల్లవాడు, ఒక్కొక్క సబ్జెక్టే రాసుకుంటూ వచ్చిన కండక్టరు ఆ పదానికి పూర్తిగా అర్హులు.